నా చెయ్యి తీసేసిన చలికాలం

పోయిన ఆదివారం మా సొసైటీ క్లబ్బు గదిలో ఆడవాళ్ళ సమావేశం ఒకటి పెట్టారు. ఇంట్లో కూర్చుని పచ్చళ్ళో, పొడులో, కేకులో చేసి అమ్ముకునేవాళ్ళు తమ వ్యాపారం ఎలా పెంచుకోవాలో చెప్పడానికి గురుగ్రామ్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. నోయిడాలో ఇన్నేళ్ళు ఇడ్లీపిండి అమ్మినదాన్ని కదా అని నన్ను పట్టుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టి, చేతిలో ఒక పూలగుత్తి కూడా పెట్టారు. ఆ కుర్రాడు గోడ మీద బొమ్మలు వేసి చూపిస్తూ, యజమాని ఎప్పటికైనా పనిలోంచి తన చెయ్యి తీసెయ్యాలనీ, తీసేసిన రోజునే వ్యాపారం పెరగడం మొదలౌతుందనీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను పూలగుత్తి కుర్చీలో పెట్టేసి లేచి వచ్చేశాను. మోకాళ్ళు పట్టేశాయేమో ఆంటీకి అనుకున్నారు పాపం. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నాకు వచ్చింది కోపం. చెయ్యి తీసేస్తే ఏమౌతుందో నేను ఒక చలికాలమంతా చూశాను, అది ఆ గోడ మీద బొమ్మల్లో లేదు.

నా ఈడువాళ్ళు కొందరైనా ఇది చదువుతారని రాస్తున్నాను. నలభై ఏడో ఏట పలక పట్టినదాన్ని, నా రాతలో తప్పులుంటే సర్దుకోండి. చెప్పే సంగతిలో మాత్రం తప్పు లేదు.

మా ఆయన అశోకా రోడ్డు దగ్గర ఒక గెస్ట్‌హౌసులో వంటమనిషిగా చేసేవారు. కాకినాడ అవతల మా ఊళ్ళో కౌలు చేను మునిగిపోయాక, చేతిలో గరిటె ఉంటే ఎక్కడైనా బతకొచ్చని ఢిల్లీ వచ్చిన మనిషి ఆయన. ఉన్నది నోయిడాలో రెండు గదుల కింది వాటా. ఒక వేసవిలో మద్రాసు నుంచి వచ్చే మిత్రుడొకరి చేత రైల్లో ఒక గ్రైండరు తెప్పించుకున్నాం. అది ఇంట్లోకి రాగానే పై అంతస్తులో ఉండే టీచరుగారు, ఒంటరి మనిషి, కిందికి దిగి వచ్చి నాకూ ఒక డబ్బాడు పిండి రుబ్బి ఇవ్వమ్మా అన్నారు. ఆవిడ పక్క బ్లాకు తమిళావిడకి చెప్పింది, తమిళావిడ ఇంకొకరికి చెప్పింది. సాఫ్ట్‌వేరు పిల్లలు కొత్త కాపురాలు పెట్టుకుని నోయిడాకి గుంపులు గుంపులుగా వస్తున్న రోజులవి. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయ్యేసరికి అరవై ఇళ్ళు నా పిండి తింటున్నాయి. నేను అడగలేదు, బోర్డు కట్టలేదు, ఎవరి గుమ్మమూ ఎక్కలేదు.

ఆ రోజుల్లో ప్యాకెట్లేమిటి? ఎవరి డబ్బా వాళ్ళే పంపేవాళ్ళు. నాకు చదువు రాదుగా, అందుకని ఒకదానికి చెవికి ఎర్ర దారం, ఒకదానికి మూత మీద సొట్ట, ఒకదాని అడుగున నల్ల రంగు చుక్క, ఇలా గుర్తులు పెట్టుకునేదాన్ని. సొట్ట డబ్బా ఇంట్లో పెద్దాయనకి పులుపు పడదు, ఎర్ర దారం ఇంటికి దోసెల పిండి పలచగా కావాలి. అరవై డబ్బాలూ వరసగా పెడితే అరవై కుటుంబాలూ ఎదురుగా కూర్చున్నట్టుండేది. తప్పు ఒక్కనాడూ పోలేదు.

పిండి సంగతి మీకు చెప్పేదేముంది. మినప్పప్పు పొద్దున్నే నానబోసి, కరెంటు ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి కాబట్టి ఉన్నంతలో రుబ్బేసుకుని, కడిగి గట్టిగా పిండిన ఇడ్లీరవ్వ అందులో వేసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలపాలి. గరిటెతో కలిపితే పిండి లేవదు, చేతి వేడి తగలాలి. వేసవిలో అయితే సాయంత్రం కలిపినది పొద్దున్నకి పొంగి గిన్నె దాటేది. ఢిల్లీ చలికాలం అలా కాదు. పొగమంచు దిగిందంటే పిండి రాయిలాగా పడుకుంటుంది, ఎంత బతిమాలినా కదలదు. అప్పుడు ఉప్పు వెయ్యకుండా గిన్నెలన్నీ మంచం పక్కన చేర్చి, ఇంట్లో ఉన్న రజాయిలన్నీ, అదే, దూది బొంతలన్నీ వాటికి చుట్టేసేదాన్ని. మేమేమో ఊరినుంచి తెచ్చుకున్న దుప్పట్లలో ముడుచుకునేవాళ్ళం. మనిషిగా కాకుండా ఈ ఇంట్లో పిండిగా పుట్టినా బాగుండేదని మా ఆయన వణుకుతూ గొణిగేవారు. అంత చేసినా పొంగడానికి రెండు రోజులు పట్టేది. అందుకని చలికాలం వస్తే వారానికి మూడు రోజులే ఇస్తాననీ, రెండు రోజులు ముందు చెప్పాలనీ ఇంటింటికీ చెప్పేసేదాన్ని. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఇడ్లీ కోసం రెండు రోజులు ఆగడం అప్పటికి మనుషులకి చేతనయ్యేది.

ఇంకొక అలవాటు ఉండేది నాకు. మా అత్తగారి దగ్గర నేర్చుకున్నది. ఏ పిండి రుబ్బినా, ఏ పచ్చడి కలిపినా మొదటి గిన్నె ఇంటికి తీసి పక్కన పెట్టాలి, ఆ తర్వాతే బయటివాళ్ళకి. ఇంటివాళ్ళ కడుపు కాల్చి ఊరికి పెడితే కలిసిరాదనేది ఆవిడ. ఆ మాట నేను వేదంలాగా పట్టుకున్నాను. ఎంత రద్దీలో అయినా మొదటి వాయి మాది. ఆ అలవాటే నా కొంప ముంచింది.

మా మరిది డిగ్రీ పూర్తిచేసి ఢిల్లీ వచ్చి మా దగ్గరే ఉండేవాడు. మా అత్తగారు పోయేనాటికి వాడికి పన్నెండేళ్ళు, నా చేతి అన్నం తిని పెరిగినవాడు. గుర్గావ్‌లో ఏదో కంపెనీ సరుకులు అమ్మే ఉద్యోగం. టై కట్టుకుని బస్సులు మారి మారి పోయేవాడు, ఆ కంపెనీలో వాణ్ణి మనిషిగా చూసేవాళ్ళు కాదు. అందుకే, ఉద్యోగం మానేసి నీ వ్యాపారం నేను పెంచుతాను వదినా అన్నప్పుడు నాకు ముచ్చటేసింది. నిజం చెప్పాలంటే గర్వం కూడా కలిగింది. అక్షరం రాని దాని చేతిపనిని నమ్ముకుని చదువుకున్నవాడు ఉద్యోగం మానుకున్నాడే అని.

పెంచాడు, కాదనను. అప్పుచేసి ఇంకో మూడు గ్రైండర్లు తెచ్చాడు. మా సెక్టారు వెనక పాత ఊళ్ళో ఒక పెద్ద గది అద్దెకి తీసుకున్నాడు. నువ్వు ఇంట్లో రుబ్బి ఇస్తే చాలు, రవ్వ కలపడం, పొంగించడం, ప్యాకెట్లు కట్టడం అన్నీ అక్కడ అన్నాడు. డబ్బాలు పోయాయి, ప్యాకెట్లు వచ్చాయి. ప్యాకెట్టు మీద కొప్పు పెట్టుకుని నవ్వే ఒక ఆడమనిషి బొమ్మ, నాకంటే చాలా అందంగా ఉండేది. బొమ్మ చుట్టూ ఇంగ్లీషులోనూ, హిందీలోనూ ఏవో అక్షరాలు. ఏం రాశావు అబ్బాయ్ అని అడిగితే, మంచి మాటలే వదినా, నీ గురించే అన్నాడు. ఇంక నేను అడగలేదు. ప్యాకెట్లన్నీ ఒకే రకంగా ఉండేసరికి ఏది ఎవరింటికి పోతోందో నాకు తెలియకుండా పోయింది. సొట్ట డబ్బా పెద్దాయనకి పుల్లటి పిండి పోతోందో, తియ్యటిది పోతోందో ఎవరికి ఎరుక. నెలకో కొత్త బ్లాకు చేరేది. గుర్గావ్‌లో ఒక పెద్ద ఆఫీసు క్యాంటీను వాళ్ళు రోజూ తీసుకుంటామన్నారని, ఫిబ్రవరి నుంచి మొదలని మరిది మిఠాయి పట్టుకొచ్చాడు. ఆ చలికాలం రజాయిలు మాకే మిగిలాయి. వెచ్చగా పడుకున్నాం. బయటికి పోయే పిండి ఎలా పొంగుతోందో అని ఒక్క పూట కూడా అడగలేదు నేను. ఇంటికి తీసిన మొదటి గిన్నె మాత్రం నా మంచం పక్కనే ఉండేది, దానికి రజాయీ చుట్టేదాన్ని, అది రెండు రోజులకి చక్కగా పొంగేది, మేము తినేవాళ్ళం. నా పిండి బాగుందనుకునేదాన్ని.

జనవరిలో ఒకరోజు పొద్దున్నే, ఎదుటి గేటు కనపడనంత మంచులో, టీచరుగారు పళ్ళెం పట్టుకుని కిందికి దిగి వచ్చారు. పళ్ళెంలో రెండు ఇడ్లీలు, పక్కన కత్తిరించిన ప్యాకెట్టు. ముందు తిను అన్నారు. తిన్నాను. దూదిలాగా ఉంది, నాలుక చివర సబ్బులాంటి చేదు. తెల్లదనంలో ఎక్కడో పసుపు జీర. సోడా. ఒక చిటికెడు కాదు, చారెడు. గెస్ట్‌హౌసుల్లో వండేవాడి పెళ్ళాన్ని, నాకు సోడా తెలియకపోవడమేమిటి. ఇది ఎవరి పిండి అని అడిగాను, సిగ్గులేకుండా.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ప్యాకెట్టు మీద ఉన్నది చదివి వినిపించారు. ఇందులో సోడా లేదట. అత్తగారి కాలం నాటి పద్ధతిలో చేత్తో కలిపినదట. చదవడం అయిపోయాక నా ముఖంలోకి చూసి అన్న మాట ఇన్నేళ్ళయినా నా చెవిలోంచి పోలేదు.

"అబద్ధాలాడేవాళ్ళని బోలెడు మందిని చూశానమ్మా. తను ఆడుతున్న అబద్ధమేమిటో తనకే తెలియనిదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను."

ఆవిడ మీద కోపం వచ్చింది ముందు. ముసలావిడకి నోటి దురుసు అనుకున్నాను. ఆ తర్వాత చెప్పులు వేసుకుని పాత ఊళ్ళో గదికి నడిచాను. గదిలో డ్రమ్ములు వట్టి సిమెంటు నేల మీద వరసగా ఉన్నాయి, ఒక గోనెపట్టా కూడా కప్పలేదు. పడవ తెడ్డు లాంటి ఇనప కర్రతో పనివాడు రవ్వ కలుపుతున్నాడు. మూల నేతిడబ్బా అంతటి డబ్బాలో తెల్లటి పొడి. మరిది దాచడానికి కూడా ప్రయత్నించలేదు. చలికి లేవడం లేదు, రెండు రోజులు ఆగమంటే కొత్త బ్లాకులవాళ్ళు ఆగుతారా, రేపు క్యాంటీనువాళ్ళు ఆగుతారా, ఈ ఊళ్ళో అందరూ వేసేదే అన్నాడు. అలా అంటూ పనివాడి ముందు, ఓపికగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు:

"వదినా, నీకు రుబ్బడం వచ్చు. వ్యాపారం రాదు. చదువుకున్నవాళ్ళు రెండు నెలలుగా తింటున్నారు, ఒక్కరూ అడగలేదు. నువ్వెందుకు అడుగుతావు?"

టీచరుగారు అడిగారన్నాను. ఆవిడొక్కతేగా అన్నాడు.

ఇంటికొచ్చి ఆ ప్యాకెట్టు పిండితోనే ఇడ్లీలు వేశాను. మధ్యాహ్నం ఇద్దరన్నదమ్ములకీ పళ్ళాల్లో పెట్టి పక్కన నిలబడ్డాను. మా ఆయన తమ్ముణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అనని మనిషి. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, లేచి చెయ్యి కడుక్కుని వచ్చారు.

"ఒరే తమ్ముడూ, ఇది నేను గెస్ట్‌హౌసులో పెట్టి ఉంటే ఆ పూటే నన్ను గెంటేవాళ్ళు," అన్నారు. అంతే. మళ్ళీ కూర్చోలేదు.

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. రేపటినుంచి ఇంటింటికీ వెళ్ళి, రెండు నెలలుగా మీరు తిన్నదాంట్లో సోడా ఉంది, నాకు తెలియదు, తెలియకపోవడం నా తప్పు అని చెప్తానన్నాను. మరిది ముఖం పాలిపోయింది. వదినా, నా నోటిదగ్గర కూడు లాగెయ్యకు, క్యాంటీనువాళ్ళ చెవిన పడితే నేను అప్పులో మునిగిపోతానని రెండు చేతులూ పట్టుకున్నాడు. సోడా వెయ్యడం మానేస్తాను, చెప్పడం ఎందుకు అన్నాడు. నేను పెంచిన పిల్లవాడు. నాకు జాలి వెయ్యలేదని చెప్తే అది కూడా అబద్ధమే అవుతుంది. కానీ తినేవాళ్ళు నా ముఖం చూసి తిన్నారు. వాళ్ళకి చెప్పకుండా మానేస్తే, ఈ రెండు నెలలూ నేను వాళ్ళ కంచంలో దొంగతనం చేసినట్టే మిగిలిపోతుంది.

రెండు పొద్దులు తిరిగాను. పాత అరవై ఇళ్ళే నాకు తెలుసు, కొత్తవి మరిది లెక్కలో ఉన్నవి. వాటికి పోవడానికి నాకు దారి కూడా తెలియదు, ఆ సంగతి ఇప్పటికీ నన్ను తొలుస్తుంది. గుంటూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు అమ్మాయి చంకలో పిల్లతో తలుపు తీసింది. చంటిదానికి మొదటి ముద్ద మీ ఇడ్లీయే పెట్టాను ఆంటీ, మిమ్మల్ని చూసి పెట్టాను అని గుమ్మంలోనే నిలబెట్టి తిట్టింది. తలవంచుకుని పడ్డాను. ఒకాయన నవ్వాడు, తన సరుకు బాగాలేదని తనే చాటుకుంటూ తిరిగే పిచ్చిదాన్ని ఎక్కడా చూడలేదన్నాడు. ఇంకొకావిడ మాట పూర్తి కాకుండానే తలుపు వేసేసింది. అన్నిటికంటే ఒళ్ళు మండించింది ఒక పంజాబీ ఆవిడ. అంతా సావధానంగా విని, "దీదీ, వోహీ అచ్ఛా థా, ఖూబ్ ఫూల్తా థా," అంది. అదే బాగుండేదట, బాగా పొంగేదట, అదే ఇమ్మంది. నేనింత సిగ్గుపడి గుమ్మాలెక్కి దిగుతుంటే ఆవిడకి కావలసింది సోడాయే. నవ్వాలో, ఏడవాలో తెలియక నమస్తే పెట్టి వచ్చేశాను.

సగం ఇళ్ళు మానేశాయి. మరిది మూడు గ్రైండర్లూ టెంపోలో ఎక్కించుకుని గుర్గావ్ వెళ్ళిపోయాడు. క్యాంటీనువాళ్ళ చెవిన పడింది, పడదా. పడినా తీసుకున్నారు. వాడు భయపడింది దేనికో అది జరగనే లేదు, చూశారా. సోడా ఉందని తెలిసీ తీసుకున్నారు, ఇంకా ఎక్కువ తీసుకున్నారు. ఇప్పుడు వాడి ప్యాకెట్టు దొరకని బజారు లేదు. పెళ్ళిళ్ళలో కనపడితే కాళ్ళకి దణ్ణం పెడతాడు, నేను దీవిస్తాను, భోజనాల్లో పక్కపక్కన కూర్చోము. కొప్పు పెట్టుకున్న ఆడమనిషి మాత్రం ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ బొమ్మ తీసెయ్యరా అని ఒక్కసారి అడిగాను. బ్రాండు వదినా అన్నాడు.

వాడి మీద కోపం ఉంది, చచ్చేదాకా ఉంటుంది. కానీ ఇన్నేళ్ళు నన్ను నిద్రపోనివ్వని కోపం వాడి మీద కాదు. రెండు నెలలు నేను అమ్మినది నేను తినలేదు. మొదటి గిన్నె ఇంటికి తీసుకుని, అది వెచ్చగా దాచుకుని, మంచిదని మురిసిపోతూ కూర్చున్నాను. ఇంటివాళ్ళ కడుపు చూడమంది మా అత్తగారు, బాగానే చూశాను, ఊరివాళ్ళకి ఏం పోతోందో చూడమని ఆవిడ చెప్పలేదు, నాకు తోచలేదు. ఆ వారం నుంచి పద్ధతి తిరగేశాను. అందరికీ ఇచ్చాక అడుగున మిగిలినది మాకు. అది బాగుంటే అందరిదీ బాగున్నట్టు. పుల్లబడితే మేమూ పులుపే తిన్నాం.

ఆ వారమే టీచరుగారి ఇంటికి పలక కొనుక్కుని వెళ్ళాను. చదువు మీద ప్రేమతో కాదు, ఎవరేమన్నా అనుకోండి, కోపంతో వెళ్ళాను. నా పేరు మీద ఎవరు ఏం రాస్తారో చదవగలగాలి, అంతే. తెలుగు ఒక ఏడాది, హిందీ ఇంకో ఏడాది, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటాను. ఆవిడ బెత్తం పట్టలేదు గానీ అంతకంటే పదునుగా మాట్లాడేది. ఒత్తు మర్చిపోతే, ఇది కూడా మరిదికి అప్పజెప్పావా అనేది.

ఆ తర్వాత వ్యాపారం పెరగలేదా అంటే పెరిగింది, నేను చెప్పినట్టు పెరిగింది. రెండు చేతులతో కలపగలిగినది అరవై ఇళ్ళకి, అంతకుమించి నేను తీసుకోలేదు. అరవై ఒకటో ఇల్లు వచ్చినప్పుడు పక్క సెక్టారులో అంట్లు తోముకునే, గఢ్వాల్ కొండల్లోంచి వచ్చిన అమ్మాయికి నేర్పాను. దాని గ్రైండరు దానిది, దాని ఇళ్ళు దానివి, చెయ్యి దానిది. అది ఇంకొకామెకి నేర్పింది. అలా ఏడుగురం అయ్యాం. ఒక్కటే షరతు పెట్టాను, అమ్మినదాంట్లో అడుగుది మీరు తినాలి అని. ఏడు ఇళ్ళలోనూ చలికాలం రజాయిలు గిన్నెలకే కట్టేవాళ్ళు. పెరగడమంటే అది కూడా పెరగడమేనని నేను అనుకుంటాను, ఎవరైనా కాదంటే వాళ్ళతో పేచీకి సిద్ధం.

మా ఆయన పోయాక నేను మానేశాను. ఏడుగురిలో ఇద్దరే ఇంకా చేస్తున్నారు, వాళ్ళకీ గిరాకీ తగ్గింది. పిండి కావాలంటే ఫోన్లో నొక్కితే గేటు దగ్గరికి వస్తోంది, పొగమంచైనా, వానైనా, పొంగి మరీ వస్తోంది. తెచ్చేవాడికి ఎవరు రుబ్బారో తెలియదు, రుబ్బినవాళ్ళకి ఎవరు తింటారో తెలియదు. బాగుంటే ఫోన్లోనే మెచ్చుకోలు చుక్కలు నొక్కుతారట, బాగుండకపోతే డబ్బు వెనక్కి వస్తుందట, మాటా పలుకూ లేకుండా. ఆ గుంటూరు అమ్మాయి గుమ్మంలో చంటిపిల్లని ఎత్తుకుని నన్ను తిట్టిన తిట్లు నాకు ఒక్కొక్కటీ జ్ఞాపకమే. ఆ రోజు నా ప్రాణం చచ్చిపోయింది గానీ, ఇప్పుడు తలుచుకుంటే అదెంత భాగ్యమో అనిపిస్తుంది. తన పిల్ల నోట్లో పెట్టినది ఎవరి చేతిదో దానికి తెలుసు. తిట్టాల్సిన మనిషి ఎదురుగా తలవంచుకుని నిలబడి ఉంది. ఈ ఊళ్ళో ఇవాళ ఇన్ని లక్షల ఇళ్ళలో ఇడ్లీ చేదుగా ఉంటే ఎవరి గుమ్మానికి పోయి తిట్టాలో ఒక్కరికైనా తెలుసా?